గ్రాఫిక్స్ కార్డు: కొనుటకు ముందు

భీమవరము నుండి ఒక శ్రోత మా కార్యాలయమునకు లేఖ వ్రాసినారు. ఆయన రొయ్యల చెరువులు కౌలుకు తీసికొని సాగు చేయు గృహస్థు. కుమార్తెకు ఇంజనీరింగులో, కృత్రిమ మేధకు సంబంధించిన శాఖలో సీటు వచ్చినది. ఆమెకొక డెస్క్‌టాపు కంప్యూటరు కొనవలెనని ఈ పంట డబ్బులో కొంత వేరుగా తీసి ఉంచినారు. రెండు దుకాణములలో విచారించి, రెండు కొటేషనులు వ్రాయించుకొని, వానిని ఉన్నవి ఉన్నట్లు లేఖలో ఎత్తి వ్రాసినారు. మొదటి దానిలో “8 జి.బి. గ్రాఫిక్స్” అని ఉన్నది. రెండవ దానిలో “ఆర్.టి.ఎక్స్. 3050” అని ఉన్నది. తక్కినవన్నియు ఇంచుమించు సమానమే, ధరలో కూడ పెద్ద తేడా లేదు. ఈ రెండింటిలో ఏది మేలో చెప్పవలసినదని ఆయన కోరిక.

ఈ లేఖ ఒక్క ఇంటిది కాదు. భీమవరములో 1980లో స్థాపింపబడిన ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగు కళాశాల కలదు. 2001లో వచ్చిన శ్రీ విష్ణు మహిళా ఇంజనీరింగు కళాశాల కలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆ పట్టణము పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రమైనది. చుట్టుప్రక్కల గ్రామముల నుండి పిల్లలను అక్కడ చదివించువారు, చేతిలో కొంత సొమ్ముతో కంప్యూటరు దుకాణము మెట్లెక్కి, అర్థము కాని అంకెలు విని, ఏదో ఒకటి నిర్ణయించుకొని తిరిగి వచ్చువారు ఎందరో ఉందురు. అందుచేత లేఖకు సమాధానమును ప్రసంగముగా చేసితిమి. ఆ పాఠమునే కొంత పెంచి ఇక్కడ ఇచ్చుచున్నాము.

ముందుగా చెప్పవలసిన మాట ఒకటి: ఆ రెండు కొటేషనులును అసంపూర్ణములే. వ్రాసినవారు అసత్యము వ్రాసిరని నా ఉద్దేశము కాదు. వ్రాసినది నిజమే కావచ్చును, అయినను దానిని బట్టి కొనువానికి తెలిసినది ఏమియు లేదు.

నేనును ఒకసారి ఈ తీరుగా దెబ్బతిన్నవాడనే. కొన్ని సంవత్సరముల క్రిందట మా మేనల్లునికి ఒక కంప్యూటరు కొనిపెట్టితిని. ఏ ఊరో, ఏ దుకాణమో ఇక్కడ అప్రస్తుతము. పెట్టెమీద అంటించిన కాగితముపై “గ్రాఫిక్స్ 8 జి.బి.” అని స్పష్టముగా అచ్చువేసి ఉన్నది. ఇంటికి తెచ్చిన పదిదినములకు పిల్లవాడు క్యాబినెట్ ప్రక్కరేకు విప్పి చూచి, “మామయ్యా, ఇందులో కార్డే లేదు” అనెను. నేను దుకాణమునకు పోయి అడుగగా, అతడు ఏమాత్రము తొట్రుపడక, అట్టి కంప్యూటరునే మరియొకటి వెలిగించి, తెరమీద 8 జి.బి. అను అంకెను వ్రేలితో చూపెను. అంకె ఉన్నమాట నిజమే. ఆ కంప్యూటరులో 16 జి.బి. ర్యామ్ ఉండెను. ప్రత్యేకమైన కార్డు లేనపుడు, చిత్రముల పనిని ప్రాసెసరులోనే ఇమిడియున్న చిన్న భాగము చేయును; అవసరమైనప్పుడు అది ర్యామ్‌లో సగము వరకు అరువు తీసికొనవచ్చును. ఆ అరువునే ఆస్తిగా వ్రాసినారు. పొరుగింటివారి కాడెద్దులను మన పశువుల లెక్కలో చేర్చినట్లు!

ఇట్టి లెక్కలు రేడియోలవారికి క్రొత్త కాదు. రేడియో సెట్టును వాల్వుల సంఖ్యతో బేరమాడిన కాలము ఒకటి ఉండెనని మా పెద్దలు చెప్పుచుండిరి. ఎక్కువ వాల్వులున్న సెట్టు గొప్పది, తక్కువవున్నది చిన్నది. 1960ల నాటికి వాల్వు పోయి ట్రాన్సిస్టరు వచ్చినది. అప్పుడు అంకెలపోటీ ఎంతవరకు పోయినదనగా, కొందరు విదేశీ తయారీదారులు ఏ పనియు చేయని ట్రాన్సిస్టర్లను కూడ లోపల అమర్చి, పెట్టెపై లెక్క పెంచి అమ్మినారు. కొనువాడు లెక్కపెట్టుకొన్నచో సరిపోవును. పాట మాత్రము బాగుపడదు.

ఇంతకు గ్రాఫిక్స్ కార్డు చేయు పని ఏమి? ఇప్పుడు సాధారణముగా వాడుకలో ఉన్న మానిటరు తెరమీద అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును, మొత్తము 20,73,600. కదలు బొమ్మ సాఫీగా కనబడుటకు సెకనుకు 60 మారులు ఆ చుక్కలన్నిటికి రంగు నిర్ణయింపవలెను. అనగా సెకనుకు పన్నెండు కోట్లకు పైబడిన నిర్ణయములు. ఒక్కొక్కటి చిన్న లెక్కయే, చిక్కంతయు సంఖ్యలోనే ఉన్నది. కంప్యూటరులోని ముఖ్య ప్రాసెసరు మంచి నిపుణుడైన మేస్త్రి వంటిది. ఎట్టి క్లిష్టమైన పనినైనను చేయగలదు, కాని దానికున్న చేతులు ఆరో ఎనిమిదో పదహారో. పది ఎకరముల చేనిలో నాట్లు వేయవలసి వచ్చినపుడు ఎంత నిపుణుడైనను ఒక్క మేస్త్రి ఏమి చేయగలడు? అక్కడ కావలసినది వరుసగా నిలిచి, ఒకే పనిని ఏకకాలమున చేయు వందలాది చేతులు. గ్రాఫిక్స్ కార్డు అట్టి నాట్ల ముఠా. దానిలో చిన్న చిన్న గణనభాగములు వేలకొలది ఉండును.

బొమ్మల కొరకు పుట్టిన ఈ ముఠాను వేరు లెక్కలకు కూడ వాడవచ్చునని కొంతకాలమునకు తెలిసినది. ఎన్‌విడియా అను అమెరికా సంస్థ అందుకు వలసిన ‘కూడా’ అను సాధనమును 2007లో విడుదల చేసినది. నేటి కృత్రిమ మేధ పనులలో అధికభాగము ఒకే తీరు గుణకారములు, కూడికలు కోట్లకొలది చేయుటయే గనుక, బొమ్మల కార్డు ఆ విద్యార్థులకు కూడ అవసరమైనది. నేర్చుకొను పిల్లలు వాడు పాఠ్యసాధనములు చాలవరకు ఈ ‘కూడా’ను ఆధారము చేసికొని వ్రాయబడినవే. ఏ.ఎమ్.డి. వారి రేడియాన్ కార్డులు ఆటలకు, బొమ్మలకు చక్కగా పనిచేయును, పెక్కుసార్లు అదే ధరకు ఎక్కువ మెమరీ కూడ ఇచ్చును. కాని ఈ శాఖ విద్యార్థి వానితో కొన్ని చోట్ల అదనపు శ్రమ పడవలసి వచ్చును. కొనునప్పుడే తెలిసియుండుట మంచిది.

ఇక అంకెల సంగతి. భీమవరము వారికి ఇది చెప్పుట సులభము. రొయ్య కొనుగోలుదారు చెరువు గట్టుకు వచ్చి “కౌంటు ఎంత?” అని అడుగును. కిలోకు 30 తూగిన రొయ్యకు ఒక ధర, 100 తూగిన దానికి మరియొక ధర. ఆ వ్యాపారము తెలియనివాడు ముప్పది కంటె నూరు పెద్ద అంకె కదా, నూరు కౌంటే గొప్పది కాబోలు అనుకొనును. తెలిసినవాడు నవ్వును. గ్రాఫిక్స్ కార్డుల విషయమున మనమందరము ఆ తెలియనివారమే. పెట్టెమీది పెద్ద అంకె దేనిని లెక్కించుచున్నదో అడుగక, అంకెనే చూచుచున్నాము.

సాధారణముగా మనకు చెప్పు అంకె కార్డులోని మెమరీ: 2, 4, 6, 8, 12 జి.బి. అని. ఇది చెరువు వైశాల్యము వంటిది. చెరువు ఎంత పెద్దదైనను తూము సన్నమైనచో నీరు సన్నముగానే పారును. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనప్పటి నుండి కాలువనీటితో బ్రదుకుచున్న ఈ సీమలో, తూము వెడల్పుకు గల విలువ ఒకరు చెప్పనక్కరలేదు. కార్డులో ఆ తూమును రెండు విషయములు నిర్ణయించును: మెమరీ రకము ఒకటి, దానికిని గణనభాగములకును నడుమనున్న మార్గము వెడల్పు రెండవది. ఈ వెడల్పును బిట్లలో చెప్పుదురు.

ఉదాహరణము చూడుడు. జి.టి. 730 అను కార్డు 2014లో వచ్చినది. దానిలో డి.డి.ఆర్. 3 అను పాతరకపు మెమరీతో, 64 బిట్ల మార్గముతో చేసిన రకము సెకనుకు 14.4 జి.బి. సమాచారమును మాత్రమే చేరవేయగలదు. ఆ కార్డును 4 జి.బి. మెమరీతో కూడ అమ్మినారు. 2019లో వచ్చిన జి.టి.ఎక్స్. 1650 కార్డుకు కూడ 4 జి.బి. మెమరీయే. కాని దాని తొలిరకమున జి.డి.డి.ఆర్. 5 మెమరీ, 128 బిట్ల మార్గము ఉన్నవి. అది సెకనుకు 128 జి.బి. చేరవేయును. రెండును “4 జి.బి. గ్రాఫిక్స్ కార్డులే.” ఒక దాని తూము రెండవ దానికంటె ఇంచుమించు తొమ్మిదిరెట్లు పెద్దది. పైగా జి.టి. 730 తరమునకు చెందిన కార్డులకు ఎన్‌విడియా వారు 2021లోనే క్రొత్త ఆటలకు తగిన డ్రైవర్లు ఇచ్చుట మానుకొనిరి. నేటి కృత్రిమ మేధ సాధనములకు అవి పనికిరావు. అయినను “నాలుగు జి.బి. గ్రాఫిక్స్” అని చెప్పి అట్టి దానిని అమర్చిన పెట్టె మన ముందు పెట్టినచో, అబద్ధము చెప్పిరని ఫిర్యాదు చేయుటకు కూడ వీలులేదు.

మెమరీ అంకె వదలి పేరు అడిగితిమి, పేరు చెప్పిరి, ఇక భయము లేదు కదా అందురా? అక్కడ కూడ ఒక చిక్కు కలదు. మన శ్రోత రెండవ కొటేషనులోని ఆర్.టి.ఎక్స్. 3050నే తీసికొనుడు. ఆ పేరుతో 2022 జనవరిలో వచ్చిన కార్డుకు 8 జి.బి. మెమరీ, 128 బిట్ల మార్గము, 2560 గణనభాగములు ఉన్నవి. అది 130 వాట్ల విద్యుత్తు తీసికొనును. 2024 ఫిబ్రవరిలో అదే పేరుతో మరియొకటి వచ్చినది. దానికి 6 జి.బి., 96 బిట్లు, 2304 భాగములు, 70 వాట్లు. తగ్గినది మెమరీ ఒక్కటే అని పేరు చూచినవాడు అనుకొనును. నిజమునకు అన్నియు తగ్గినవి. సెకనుకు 224 జి.బి. చేరవేసిన తూము 168కి దిగినది. ఇట్లే 2021లో 12 జి.బి.తో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3060కి, తరువాత 2022 చివర 8 జి.బి.తో ఒక తమ్ముడు పుట్టెను. అన్నగారి తూము 360, తమ్మునిది 240. 2017 నాటి జి.టి. 1030 కథ మరింత విచిత్రము: మరుసటి సంవత్సరము వచ్చిన దాని రెండవ రకమున మెమరీ పరిమాణము మారలేదు, పేరు మారలేదు, మెమరీ రకము మాత్రము మారెను. దానితో 48 ఉన్న తూము 17 కంటె తక్కువకు పడిపోయినది. ఒకే పేరు పెట్టుకొన్న ఇద్దరు పినతండ్రి బిడ్డలను ఇంటిపేరుతో గాక తండ్రిపేరుతో గుర్తించినట్లు, కార్డును కూడ పేరు, మెమరీ పరిమాణము, మెమరీ రకము, మార్గము వెడల్పు నాల్గును కలిపి అడిగినప్పుడే అది ఏదో తెలియును.

పెద్ద చెరువు అక్కరలేదని నేను చెప్పుటలేదు. కృత్రిమ మేధ పనిలో మెమరీ పరిమాణము నిజముగా అడ్డుగోడ అగును. 700 కోట్ల పరామితులు గల ఒక భాషా నమూనాను ఒక్కొక్క పరామితికి రెండు బైట్ల చొప్పున ఉంచవలెనన్న 14 జి.బి. కావలెను. దానినే కుదించి, పరామితికి నాలుగు బిట్లు చేసినచో మూడున్నర జి.బి.లో పట్టును, పనిచేయుటకు పైన మరికొంత చోటు ఉండవలెను. 8 జి.బి. కార్డు మొదటి దానిని మోయలేదు, రెండవ దానిని మోయగలదు. ఆటలో వేగము తగ్గినచో బొమ్మ కొంచెము తడబడును, అంతియే. ఇక్కడ మెమరీ చాలకపోయినచో పని అసలు మొదలు కాదు, లేదా ర్యామ్‌ను ఆశ్రయించి నత్తనడక నడచును. కనుక ఈ శాఖ విద్యార్థికి, వేగము ఒక మెట్టు తగ్గినను మెమరీ హెచ్చుగా ఉన్న కార్డు కొన్ని వేళల మేలగును. ఆటలకొరకే కొనువానికి ఈ సలహా చెల్లదు.

ఏ పనికి కార్డు అక్కరలేదో అదియు చెప్పవలెను, దుకాణములో ఎవరును చెప్పరు గనుక. లెక్కలు వ్రాసికొనుటకు, జి.ఎస్.టి. పత్రములు దాఖలు చేయుటకు, ఇంటర్నెట్టుకు, సినిమాలు చూచుటకు, సి భాష, పైథాన్ భాష నేర్చుకొనుటకు, సివిల్ విద్యార్థి రెండు కొలతలలో గీయు నక్షాలకు ప్రాసెసరులో ఇమిడియున్న చిత్రభాగము చాలును. పెండ్లి వీడియోలు కూర్చువారికి, మూడు కొలతల భవనములు గీయువారికి కార్డు నిజముగా ఉపకరించును. ఆటలాడు పిల్లలకు చెప్పనక్కరలేదు. తండ్రికి చదువని చెప్పి ఆటకొరకు కార్డు కోరు కుమారులు కూడ లేకపోలేదు. అది తప్పని నేను అనను గాని, ఏ పనికో ముందే ఒప్పుకొన్నచో సరియైన కార్డు కొనుట సులభమగును.

ఇచ్చట ప్రాసెసరు పేరును కూడ ఒకమారు చూడవలెను. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నచో, ఐ5-12400 ఎఫ్ వలె, దానిలో చిత్రభాగము ఉండదు. ధర కొంత తగ్గును. కాని కార్డు చెడిపోయి మరమ్మతుకు పోయినప్పుడు తెరమీద ఏమియు రాదు; కంప్యూటరంతయు మూలబడును.

ఇక నేను అన్నిటికంటె ముఖ్యమని తలచునది, కొనువారు అన్నిటికంటె చివర అడుగునది, పవర్ సప్లై. దుకాణములలో దీనిని ఎస్.ఎమ్.పి.ఎస్. అందురు. అన్నియు కూర్చి సిద్ధముగా అమ్ము పెట్టెలలో ధర తగ్గింపవలసి వచ్చినపుడు మొదట చేయిపడునది దీనిమీదనే. ఏలయనగా ప్రకటన కాగితముమీద దీని పేరు ఉండదు. చెరువులో ఏరేటర్లు త్రిప్పువారికి దీని కీలకము వెంటనే బోధపడును. ట్రాన్స్‌ఫార్మరు మోయగలిగినదానికి మించి మోటార్లు తగిలించినచో ఏమగునో వారు కన్నులార చూచినవారు. కార్డు పని ఎక్కువైన క్షణమున ఒక్కసారిగా విద్యుత్తును లాగును. ఇవ్వలేని ఎస్.ఎమ్.పి.ఎస్. ఉన్నచో కంప్యూటరు ఉన్నట్లుండి ఆరిపోవును. నాసిరకముదైనచో తాను పోవుచు తక్కిన భాగములను కూడ తీసికొనిపోవును.

పైన అచ్చువేసిన వాట్లను నమ్మరాదు. ఎస్.ఎమ్.పి.ఎస్. ప్రక్కన ఒక చిన్న పట్టిక అంటించి ఉండును. అందులో 12 వోల్టుల గడిని వెదకి, ఎన్ని ఆంపియర్లో చూడుడు. కార్డునకు, ప్రాసెసరునకు ఆహారము ఆ గడినుండియే. పైన 450 వాట్లని పెద్ద అక్షరములతో ఉండి, ఆ గడిలో 18 ఆంపియర్లే ఉన్నచో, 12ను 18తో గుణింపగా వచ్చు 216 వాట్లే మనకు దక్కునది. అదే గడిలో 36 ఆంపియర్లున్నచో 432 వాట్లు. మదర్‌బోర్డుమీది గాడి నుండి కార్డుకు గరిష్ఠముగా 75 వాట్లు అందును. అంతకు మించిన కార్డుకు ఎస్.ఎమ్.పి.ఎస్. నుండి వేరుగా తీగ రావలెను. ఆరు సూదుల తీగ 75 వాట్లు, ఎనిమిది సూదులది 150 వాట్లు ఇచ్చును. కార్యాలయముల కొరకు పెద్ద కంపెనీలు చేయు సన్నని పెట్టెలలో పెక్కింటికి ఎస్.ఎమ్.పి.ఎస్. 200 వాట్లకు అటునిటుగా ఉండి, ఈ తీగయే ఉండదు. అట్టి పెట్టె కొని తరువాత కార్డు వేసికొందమనుకొన్నవారు నిరాశపడుదురు. 70 వాట్ల 3050 వంటి కార్డులు పుట్టినది ఇట్టి పెట్టెల కొరకే. వానికి వేరు తీగ సాధారణముగా అక్కరలేదు. దాని బలహీనతను ఎత్తిచూపిన నేను దాని ఉపయోగమును కూడ చెప్పవలెను కదా.

ర్యామ్ విషయమున ఒక్కమాట. 16 జి.బి. అనగా ఒకే ముక్కయా, ఎనిమిదేసి రెండు ముక్కలా అని అడుగుడు. రెండు ముక్కలైనచో ప్రాసెసరునకు రెండు దారులు తెరచుకొనును. ప్రత్యేకమైన కార్డు లేని కంప్యూటరులో ఈ తేడా మరింత స్పష్టముగా కనబడును.

గాలి సంగతి డెల్టావారు ఉపేక్షింపరాదు. ముందు వైపంతయు అద్దము బిగించి, లోపల రంగురంగుల దీపములు పెట్టిన క్యాబినెట్లు చూచుటకు బాగుండును. గాలి లోనికి పోవు దారి మాత్రము కనబడదు. వేసవిలో మన గదిలోని గాలియే వేడి. ఆ వేడిగాలి కూడ సరిగా అందనిచో కార్డు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. డబ్బిచ్చి కొన్న వేగము ఆ విధముగా గదివేడికి కరగిపోవును. సముద్రమునకు చేరువగానున్న ఊళ్లలో తేమ, ఉప్పుగాలి, ధూళి కలిసి పంకాలను, లోహపు కూడళ్లను పాడుచేయును. ఎర్తు సరిగా ఉన్న ప్లగ్గు, యు.పి.ఎస్., ఆరునెలలకొకసారి దుమ్ము దులుపుట, వీనికయ్యెడి ఖర్చును మొదటనే లెక్కలో వేసికొనవలెను.

ఒకసారి వాడిన కార్డులను గూర్చి చాలమంది అడుగుచుందురు. ఈథీరియమ్ అను అంకెల నాణెమును ఉత్పత్తి చేయుటకు లోకమంతట లక్షలాది కార్డులను రాత్రింబవళ్లు నడపినారు. 2022 సెప్టెంబరు 15న ఆ నాణెపు పద్ధతియే మారి, కార్డుల అవసరము లేకుండ పోయెను. ఆ కార్డులన్నియు ఒక్కుమ్మడి పాతసామానుల బజారుకు వచ్చినవి. అట్లు నడచినదంత మాత్రమున కార్డు చెడినదని కాదు; పంకాలు అరిగి ఉండవచ్చును, లోపలి లేపనము ఎండి ఉండవచ్చును. అంతకంటె ప్రమాదకరమైనవి మారుపేరు కార్డులు. పాతతరపు కార్డులోని ప్రోగ్రామును మార్చి, కంప్యూటరు దానిని క్రొత్త కార్డుగా గుర్తించునట్లు చేసి అమ్మినవారు కలరు. జి.పి.యు.-జడ్ అను ఉచిత ప్రోగ్రాము చేసినవారు 2018లో ఇట్టి దొంగకార్డులను పట్టు ఏర్పాటును కూడ దానిలో చేర్చవలసి వచ్చినది. వారంటీ పత్రము లేని పాతకార్డు అమర్చిన పెట్టెను, ఎంత చౌకగా వచ్చినను, పంట డబ్బుతో కొనవద్దని నా సలహా.

దుకాణములో చేయవలసిన పరీక్ష పెద్దదేమియు కాదు. అరగంట ఓపిక చాలును. డబ్బు చెల్లించుటకు ముందు ప్రక్కరేకు తీయించి కార్డును, ఎస్.ఎమ్.పి.ఎస్. పట్టికను కంటితో చూడుడు. మానిటరు తీగను కార్డుకే తగిలించి ఉన్నారో, మదర్‌బోర్డుకు తగిలించినారో చూడుడు. కార్డు కొని, తీగ మదర్‌బోర్డుకు తగిలించుకొని, ఏడాదిపాటు కార్డును నిద్రపుచ్చిన గృహస్థుని నేను ఎరుగుదును. తరువాత కంప్యూటరు వెలిగించి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కినచో విండోసులో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. అందులో పెర్ఫార్మెన్స్ అనుచోట జి.పి.యు. అను భాగము కలదు. ‘డెడికేటెడ్’ అని చూపు మెమరీ కార్డు సొంత ఆస్తి; ‘షేర్డ్’ అనునది ర్యామ్ నుండి అరువు. రెండింటిని కూడి చూపు మొత్తమును లెక్కలోనికి తీసికొనవద్దు. నాకు ఆనాడు చూపిన 8 జి.బి. ఈ అరువు గడిలోనిదే.

పిమ్మట జి.పి.యు.-జడ్‌ను తెరపించి, కార్డు పేరు, మెమరీ రకము, మార్గము వెడల్పు కొటేషనులోని వానితో సరిచూడుడు. చివరకు ఏదైన బరువైన ఆటనో, పరీక్షా ప్రోగ్రామునో ఇరువది నిమిషములు నడుపుమనుడు. ఆ సమయమున కార్డు వేడి 80 డిగ్రీల ప్రాంతమున నిలిచినచో భయము లేదు. 90 వైపు ఎక్కుచు పంకాలు హోరుమనుచున్నచో క్యాబినెట్ మార్చుమని అడుగవలెను. పరీక్షకు ఒప్పుకొనని దుకాణము నుండి లేచి వచ్చుటకు సంకోచింపవద్దు. మన పట్టణములలో చాలమంది దుకాణదారులు అడిగినచో సంతోషముగా చూపుదురు. వారిని ఇంతవరకు ఎవరును అడుగకపోవుటయే లోపము.

బిల్లులో “కంప్యూటరు ఒకటి” అని వ్రాసినచో అంగీకరింపరాదు. కార్డు పూర్తిపేరు, మెమరీ, కార్డుమీది సీరియల్ సంఖ్య, ఎస్.ఎమ్.పి.ఎస్. పేరు విడివిడిగా వ్రాయింపవలెను. కార్డు వారంటీ తయారీదారుడు ఇచ్చునదా, దుకాణదారుడు తన మాటమీద ఇచ్చునదా అను సంగతి కూడ ఆ కాగితముమీదనే తేలవలెను. వ్రాసినదొకటి, ఇచ్చినదొకటి అయినచో, 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనుకు పోవచ్చును. పోయినవారి చేతిలో వివరములున్న బిల్లు లేనిచో ఆ చట్టము కూడ చేయగలిగినది స్వల్పము.

ఇక మన శ్రోతకు సమాధానము. మొదటి దుకాణమువారిని ఆ 8 జి.బి. ఏ కార్డుదో, అసలు కార్డు ఉన్నదో లేదో అడుగవలెను. రెండవవారిని 3050 ఆరు జి.బి.దో, ఎనిమిది జి.బి.దో అడుగవలెను. ఇద్దరిని ఎస్.ఎమ్.పి.ఎస్. పట్టికలోని 12 వోల్టుల గడి చూపుమనవలెను. ఈ మూడు ప్రశ్నలకు జవాబులు కాగితముమీద పడిన తరువాత ఆ రెండు ధరలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవచ్చును.

నేను ఆయనకు వ్రాసిన జాబులో ఇంకొక మాట కూడ చేర్చితిని. అమ్మాయి మొదటి సంవత్సరములో చదువునది గణితము, భౌతికశాస్త్రము, ప్రోగ్రాములు వ్రాయుటకు మొదటి పాఠములు. వానిలో దేనికిని ఈ కార్డు అక్కరలేదు. అభ్యాసమునకు ఎప్పుడైన కావలసి వచ్చినచో, గూగుల్‌వారి కొలాబ్ అనుచోట ఇంటర్నెట్టు ద్వారా దూరమునున్న కార్డును కొంతసేపు ఉచితముగా వాడుకొనవచ్చును. కనుక ఇప్పుడు పేరు చివర ఎఫ్ లేని ప్రాసెసరు, రెండు ముక్కల ర్యామ్, గాలి ఆడు క్యాబినెట్, 12 వోల్టుల గడిలో 40 ఆంపియర్లకు తక్కువ కాని ఎస్.ఎమ్.పి.ఎస్. గల పెట్టె కొని, కార్డు గాడిని ఖాళీగా ఉంచవచ్చును. పని నిజముగా వచ్చిన నాడు, ఆ నాటికి దొరకు కార్డులలో పన్నెండో పదహారో జి.బి. గలది కొని ఆ గాడిలో పెట్టుకొనవచ్చును.

పక్షము దినములకు ఆయన నుండి మరల జాబు వచ్చినది. రెండవ దుకాణమువారిది ఆరు జి.బి. కార్డట. మొదటివారు మోడలు పేరు వ్రాసి ఇచ్చుటకు ఒప్పుకొనలేదట. మూడవ దుకాణములో కార్డు లేకుండ పెట్టె కొన్నారు. మిగిలిన సొమ్మును అమ్మాయి పేర బ్యాంకులో వేసినారు, కార్డు కొరకని పాస్‌పుస్తకముమీద పెన్సిలుతో వ్రాసికొన్నదట ఆమె.